ఫ్రాన్స్ జట్టు పట్టే సీసా

ఈ సంవాదంలో ముఖ్యంగా మాట్లాడేది ఇద్దరే. ఒకరు యానాంలో పుట్టి, పుదుచ్చేరిలో ఏళ్ళ తరబడి ఫ్రెంచి పాఠాలు చెప్పి, ఇప్పుడు అక్కడే కోసపాళయంలో సొంతింట్లో ఉంటున్న మేనత్త. రెండోవాడు ఆమె తమ్ముడి కొడుకు. డాలస్ దగ్గర ఉద్యోగం, సంక్రాంతికి వచ్చాడు. ఫుట్‌బాల్ అంటే ఇద్దరికీ ప్రాణం. అత్త 1986 నుంచి ఏ ప్రపంచకప్పూ వదల్లేదు. మేనల్లుడు డాలస్‌లో తన గ్యారేజీలో బీరు కాచుకుంటాడు. పెద్ద టోర్నమెంటు వచ్చిందంటే ఆడే దేశాల బీర్లు ఒక్కొక్కటే ముందునుంచీ తయారుచేసి పెట్టుకుంటాడు. కింది వాటాలో అద్దెకుండే నేను ఆ సాయంత్రం మేడమీదే ఉన్నాను. వాళ్ళ మాటలు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను. మధ్యమధ్య నాకు తోచింది కూడా చెబుతాను.

మేనల్లుడు: అత్తా, మేడమీద గది ఖాళీగానే ఉంది కదా. ఒక్క ఆదివారం నాకిస్తే ఇరవై లీటర్ల బీరు కాస్తాను. ఇప్పుడు కాచి సీసాల్లో పోసి చల్లగా ఉంచితే జూన్‌లో ప్రపంచకప్పు నాటికి మంచి పదునుకొస్తుంది. అక్కడ నేను, ఇక్కడ మనవాళ్ళు, ఒకే బీరు ముందు పెట్టుకుని ఫ్రాన్స్ మ్యాచి చూద్దాం.

అత్త: ఫ్రాన్స్ మ్యాచికి నాకు టీవీ చాలు, చేతిలో కాఫీ చాలు. నేను తాగనని నీకు తెలుసు. అయినా బీరు కావాలంటే ఈ ఊళ్ళో కరువా? రెండు వీధులకో కొట్టు ఉంది. మైక్రోబ్రూవరీ కూడా వచ్చింది. వెళ్ళి తాగిరా.

మేనల్లుడు: కొట్లో దొరికేది అంతా ఒకటే రుచి. లేత పసుపు లాగర్, లేకపోతే 'స్ట్రాంగ్' అని రాసున్నది. మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యేది ఆ స్ట్రాంగే. నాకు కావలసింది అది కాదు. ఉత్తర ఫ్రాన్స్‌లో రైతులు చలికాలంలో కాచి, నేలమాళిగల్లో దాచి, ఎండాకాలం పొలం పనులప్పుడు తాగిన బీరు ఒకటుంది. బియేర్ ద గార్డ్ అంటారు. రాగి రంగు, కాల్చిన రొట్టె వాసన, చేదు తక్కువ. బెల్జియం సరిహద్దు దగ్గర జాన్లాఁ అనే ఊళ్ళో ఒక కుటుంబం 1922లో బ్రూవరీ పెట్టింది, ఆ ఊరి పేరుతోనే ఈ బీరు అమ్మింది. దాన్ని కాచాలంటే ఇదే అదను, జనవరి.

అత్త: ఉత్తరం అంటే బొగ్గు గనుల దేశం. లాఁస్ పక్కన.

మేనల్లుడు: అదే! లాఁస్ స్టేడియంలో పట్టే జనం కన్నా ఊరి జనాభా తక్కువ. 1930ల మొదట్లో పనిలేకుండా పోయిన గని కార్మికులు ఆ స్టేడియం కట్టారు. రేమోఁ కోపా ఎక్కడివాడు? ఆ పక్కనే న్యూ-లె-మీన్‌లో పుట్టాడు. పోలండ్ మూలాలున్న గని కార్మికుల బిడ్డ, తనూ గనిలో దిగినవాడే, అక్కడే చెయ్యి దెబ్బతింది. 1958లో బాలన్ డోర్ గెలిచాడు. గనిలోంచి పైకొచ్చినవాళ్ళు, సాయంత్రం మైదానం, చేతిలో ఆ గ్లాసు. ఆ బీరు కాస్తుంటే వంటగదిలోకి ఆ ఊరంతా వస్తుంది అత్తా. చదివితే తెలిసేది ఒకటి, చేస్తే తెలిసేది ఇంకొకటి. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, 66 డిగ్రీల దగ్గర గంటసేపు పట్టి ఉంచితే గంజి తియ్యబడుతుంది. రెండు డిగ్రీలు పెరిగితే బీరు చిక్కన, తగ్గితే పల్చన. ఇంత చిన్న తేడాకి ఒక్కో దేశం ఒక్కో దారి ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమవుతుంది.

(ఈ మాట నాకు బాగా పట్టింది. ఒక జట్టుని అభిమానించేవాళ్ళు చాలామంది ఆ దేశం గురించి జెండా రంగుల్ని మించి తెలుసుకోరు. వీడు ఆ దేశం నీళ్ళూ గింజలూ చలీ కూడా తెలుసుకుంటున్నాడు. పిల్సెన్ ఊరి నీళ్ళలో ఉప్పులు తక్కువ, అందుకే 1842లో అక్కడ పుట్టిన లాగర్ అంత తేలిగ్గా ఉందని వాడు చెప్పినప్పుడు, ఇది తాగుడు సరదా దాటిన చదువు అని నాకనిపించింది.)

అత్త: లాఁస్ పేరు ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. 1998లో అక్కడ ఏం జరిగిందో గుర్తుందా? జర్మనీ, యుగోస్లావియా మ్యాచి రోజు. జర్మన్ రౌడీమూక ఒక ఫ్రెంచి పోలీసుని వీధిలో చావగొట్టారు. వారాల తరబడి కోమాలో ఉన్నాడు ఆ మనిషి, ఆ తర్వాత మామూలు మనిషి కాలేకపోయాడు. అదే లాఁస్‌లో అదే నెలలో పరాగ్వే మీద లోరాఁ బ్లాఁ గోల్డెన్ గోల్ కొట్టాడు. ఆ గోల్ నేను చూశాను, కేక పెట్టాను. కానీ ఆ ఊరి పేరు వింటే నాకు ముందు ఆ పోలీసు భార్యే గుర్తొస్తుంది.

మేనల్లుడు: ఆ దాడికి బీరు కారణమంటావా?

అత్త: అనను. రౌడీతనానికి సీసా ఒక్కటే కారణమని ఎప్పుడూ అనను. నీ వంటగదిలోకి వచ్చే ఊళ్ళో ఆ వీధి కూడా ఉంది, దాన్ని బయట నిలబెట్టకు అంటున్నాను.

మేనల్లుడు: సరే. కానీ అత్తా, నేను చేసేదానికీ స్టేడియం బయట తాగి ఊగేవాళ్ళకీ పొంతన లేదు. ఇరవై లీటర్ల బీరుకి ఒక రోజంతా పడుతుంది. దంచాలి, నానబెట్టాలి, వడకట్టాలి, గంటసేపు మరగబెట్టాలి, మధ్యలో చేదుకి హాప్స్ పూలు వెయ్యాలి, చల్లార్చాలి, ప్రతి పాత్రా శుభ్రంగా కడగాలి. ఆ తర్వాత వారాల ఎదురుచూపు. ఇంత ఓపిక పట్టినవాడు ఒక్క రాత్రిలో తాగి పారెయ్యడు.

అత్త: ఓపిక ఉన్నవాళ్ళు తాగుబోతులు కారని ఎవరు చెప్పారు? మీ తాతగారి తరంలో ఎంతో ఓపిక గల పనివాళ్ళుండేవారు. వడ్రంగులు, కమ్మర్లు, నేతపనివాళ్ళు. ఏమయ్యారో చూశాం కదా.

మేనల్లుడు: అది సారా. బీరు కన్నా ఎన్నో రెట్లు ఘాటు. నాది ఆరు శాతం.

అత్త: శాతాలు నాకు చెప్పకు. ఇంట్లో కూర్చున్న ఆడదానికి శాతాలు తెలియవు. మొగుడు ఏ వేళకొచ్చాడు, చేతిలో ఎంత మిగిలింది, అవే తెలుస్తాయి. నేను పుట్టింది యానాంలో. 1995లో ఆంధ్రాలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలించేదాకా మా ఊరు ఏమైందో నాకు తెలుసు. సెలవలకి వెళ్తే ఎదుర్లంక రేవు నుంచి పంటు నిండా మగాళ్ళు దిగేవారు. కాకినాడ నుంచి బస్సుల్లో వచ్చేవారు. మాది పుదుచ్చేరి కిందికి వస్తుంది కదా, నిషేధం లేదు. కొట్ల ముందు తిరునాళ్ళే. తిరిగి పంటు ఎక్కేటప్పుడు వాళ్ళని చూస్తే... ఆ ఇళ్ళల్లో ఆ రాత్రి ఎలా ఉంటుందోనని మా అమ్మ గుమ్మంలో కూర్చుని అనేది. ఆ నిషేధం ఊరికే రాలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు 1992 ప్రాంతంలో సారా కొట్టు మూయించారు. రోశమ్మగారు ముందు నిలబడింది. అది ఊరూరా పాకింది. 1993లో సారా ఆగింది, ఆ తర్వాతే మిగతాది. ఇది నా కళ్ళముందు జరిగింది. నువ్వు ఏ బీరు పేరు చెప్పినా నాకు ఆ పంటే గుర్తొస్తుంది.

మేనల్లుడు కాసేపు ఏమీ అనలేదు. వాడు డాలస్‌లో కాచేటప్పుడు వాడి మనసులో యానాం రేవు ఎన్నడూ లేదు. అత్త మనసులో అది తప్ప ఇంకోటి లేదు. ఇది ఆమె కల్పించుకున్న అభ్యంతరం కాదు. తెలుగు నేల మీద మద్యం గురించి ఎవరు ఏం మాట్లాడినా దూబగుంట దాటి మాట్లాడాలని నా గట్టి నమ్మకం. దాటడం అంటే మర్చిపోవడం కాదు, దానికి జవాబు చెప్పి ముందుకెళ్ళడం.

మేనల్లుడు: దూబగుంట వాళ్ళు పోరాడింది ఎవరిమీద అత్తా? సారా వేలంపాట పాడుకున్న కాంట్రాక్టర్లమీద, ఆ డబ్బు మీద బతికిన ప్రభుత్వం మీద. ఊరి చివర పాత్రలో పులియబెట్టుకున్న మనిషి మీద కాదు. నేను కూడా ఆ కంపెనీల మీదే పోరాడుతున్నాననుకో. ఫుట్‌బాల్‌ని బీరు కంపెనీలు ఎలా పట్టుకున్నాయో నాకన్నా నీకే బాగా తెలుసు. 1986 నుంచి ప్రపంచకప్పు పక్కన బడ్‌వైజర్ పేరుంటోంది. బ్రెజిల్‌లో స్టేడియాల్లో మద్యం అమ్మకూడదని 2003 నుంచి నిబంధన ఉంటే, 2014 కప్పు కోసం ఫిఫా పట్టుబట్టి ఆ దేశం చేత చట్టం మార్పించింది.

అత్త: ఖతర్‌లో కుదరలేదు కదా.

మేనల్లుడు: కుదరలేదు. టోర్నమెంటు ఇంకా రెండు రోజులుందనగా స్టేడియాల దగ్గర బీరు అమ్మకం ఆపేశారు. గోదాముల్లో సరుకంతా మిగిలిపోయింది. నాకు బాధ అనిపించలేదు. ఒకే కంపెనీ, ఒకే రుచి, ప్రపంచమంతా. ఇంట్లో బీరు కాచేవాడు ఆ ఒక్క రుచికి ఎదురు నిలబడ్డవాడు. నా సీసా మీద ప్రకటన లేదు. నేను అమ్మను. అమెరికాలో చట్టం కూడా అమ్మనివ్వదు.

అత్త: కంపెనీ సంగతిలో నీతో ఏకీభవిస్తాను. ఫ్రాన్స్‌నే చూడు, ద్రాక్షసారా దేశం. అయినా 1991లో ఎవాఁ చట్టం తెచ్చి టీవీలో మద్యం ప్రకటనలు ఆపారు, స్టేడియాల్లో అమ్మకం ఆపారు. 1998 కప్పు ఆ చట్టం కిందే జరిగింది. స్టేడియాల్లో జనం అరవలేదా, పాడలేదా, గెలవలేదా? బ్రెజిల్ మీద జిదాన్ తలతో రెండు కొట్టినప్పుడు ఈ ఊళ్ళో అర్ధరాత్రి దాటింది. ఫ్రెంచి పౌరసత్వం ఉన్నవాళ్ళు ఇక్కడ వేలమంది ఉన్నారు, నా విద్యార్థుల ఇళ్ళే ఎన్నో. ఆటకి బీరు అక్కర్లేదని చెప్పడానికి నాకు ఇంకో రుజువు అక్కర్లేదు.

మేనల్లుడు: అక్కర్లేదు, ఒప్పుకుంటాను. పండక్కి బొబ్బట్టు కూడా అక్కర్లేదు.

అత్త: బొబ్బట్టు తిని ఎవరూ గోదాట్లో పడలేదు రా.

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత వాదం ఇంకో వైపు తిరిగింది. నా మటుకు నాకు ఈ సాయంత్రంలో అసలు సారం ఇక్కడే ఉంది.

అత్త: నువ్వు ఫ్రాన్స్ అంటే గని కార్మికుల బీరు అంటున్నావు. కోపా కాలానికి సరే. తర్వాత వచ్చినవాళ్ళ మాటేమిటి? జిదాన్ అమ్మానాన్నలు అల్జీరియా కొండల నుంచి మార్సెయ్‌కి వచ్చారు. కాంతే అమ్మానాన్నలు మాలి నుంచి. బెంజెమా, దెంబెలే ముస్లింలు. ఖతర్‌లో ఎంబాపే మ్యాచిలో ఉత్తమ ఆటగాడి బహుమతి పట్టుకుని ఫోటో దిగేటప్పుడు బీరు కంపెనీ పేరు కనపడకుండా వెనక్కి తిప్పేశాడు. 2018లో ఈజిప్టు గోల్‌కీపర్ ఆ బహుమతే తీసుకోనన్నాడు. నీ సీసాలో ఈ మనుషులు ఎక్కడున్నారు?

మేనల్లుడు: దేశం వేరు, ఆటగాడి అలవాటు వేరు కదా.

అత్త: జాతీయ జట్టంటే ఆ మనుషులే. వికాస్ దొరసూ గుర్తున్నాడా?

మేనల్లుడు: 2006 జట్టులో ఉన్నాడు. మన తెలుగు మూలాలవాడే.

అత్త: మారిషస్ నుంచి ఫ్రాన్స్ వచ్చిన కుటుంబం. వాళ్ళ ముందుతరాలు చెరుకు తోటల పనికి ఓడెక్కిన తెలుగువాళ్ళు. ఈయన ల్ హావ్ర్ పక్కన ఆర్‌ఫ్లర్‌లో పుట్టాడు. లియోఁలో ఆడాడు, మిలన్‌లో ఉన్నాడు, పారిస్‌కి వచ్చాడు. 2006 ఫ్రెంచి కప్పు ఫైనల్లో మార్సెయ్ మీద గెలుపు గోల్ ఆయనదే. ఆ వేసవిలోనే ప్రపంచకప్పుకి తీసుకెళ్ళారు. స్విట్జర్లాండ్ మీద, దక్షిణ కొరియా మీద చివర్లో కాసేపు దింపారు. తర్వాత ఫైనల్ దాకా బెంచి మీదే. ఆ ఎదురుచూపంతా చిన్న సూపర్-8 కెమెరాతో తీసుకున్నాడు. తర్వాత అది 'సబ్‌స్టిట్యూట్' అనే సినిమా అయింది. హోటల్ గది, కిటికీ, ఖాళీ కారిడార్, ఆడని మనిషి. నా దృష్టిలో ఫుట్‌బాల్ మీద అంతకన్నా నిజమైన సినిమా లేదు. ఆ మనిషికి ఏ బీరు కాస్తావు? తెలుగు రక్తం, మారిషస్ చెరుకు, నార్మండీ ఓడరేవు. చెప్పు.

మేనల్లుడు: ...నార్మండీ అంటే ఆపిల్ సారా. సీదర్.

అత్త: మారిషస్ అంటే రమ్ము. గోదావరి అంటే తాటికల్లు. మూడూ కలిపి పోస్తావా? ఒక జట్టుని ఒక బీరుతో పట్టుకోవచ్చనుకోవడంలోనే తప్పుంది. ఫ్రాన్స్ జట్టు పట్టే సీసా ఎవరూ చెయ్యలేదు రా.

(అత్త ఈ మాటతో నన్ను పూర్తిగా తనవైపు తిప్పేసుకుంది. మేనల్లుడు చేసే పని గొప్పది, కానీ దాని వెనక ఊహ పాతబడిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో ఊరికి ఒక నీరు, ఒక గింజ, ఒక బీరు. ఇరవై ఒకటో శతాబ్దపు జాతీయ జట్టు అలాంటి ఊరు కాదు. అయితే మేనల్లుడు అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు.)

మేనల్లుడు: నువ్వన్నది బీరుకి కూడా వర్తిస్తుందత్తా. బీరు కూడా వలసపోయింది. వియన్నాలో ఆంటన్ డ్రెహర్ 1841లో చేసిన ఎర్రని లాగర్ సొంతూళ్ళో కనుమరుగైంది. వలసొచ్చినవాళ్ళు మెక్సికోకి పట్టుకెళ్తే అక్కడ బతికింది. మెక్సికో మ్యాచికి నేను కాచేది వియన్నా బీరే. దక్షిణాఫ్రికాలో జొన్నా మొక్కజొన్నా పులియబెట్టి ఉంకొంబోతి చేస్తారు. జొన్న అంటే మన మెట్టపొలాల పంటే కదా. 2010లో ఈ రెండు దేశాలే మొదటి మ్యాచి ఆడాయి, ఈసారీ మొదటి మ్యాచి వాళ్ళదే. ఇంకోటి చెప్తాను, ఇది నీకు నచ్చుతుంది. ఈ కోసపాళయం ఎండలో మామూలు ఈస్ట్ వేస్తే బీరు పాడవుతుంది, ఘాటెక్కి తలనొప్పి తెప్పిస్తుంది. ఏల్ రకం బీర్లకి వేసే మామూలు ఈస్ట్‌కి 20 డిగ్రీల చుట్టూ ఉండాలి, లాగర్‌కి ఇంకా తక్కువ. కానీ 35 డిగ్రీల వేడిలో కూడా చక్కగా పనిచేసే ఈస్ట్ ఒకటుంది. ఎక్కడిదో చెప్పుకో?

అత్త: ఆఫ్రికాదా?

మేనల్లుడు: నార్వే! మంచు దేశం. పడమటి నార్వేలో వోస్ చుట్టుపక్కల పల్లెల్లో రైతులు తరతరాలుగా దాచుకున్నది. క్వైక్ అంటారు. బీరు అయిపోయాక అడుగున మిగిలిన ఈస్ట్‌ని చెక్కల మీద ఎండబెట్టుకుని, మళ్ళీ కాచినప్పుడు వేస్తారు. ఒకరి దగ్గర చచ్చిపోతే పొరుగింటి నుంచి తెచ్చుకుంటారు, మన పెరుగు తోడులాగా. రెండు మూడు రోజుల్లో పులియడం అయిపోతుంది. నార్వే 1998 తర్వాత ఇప్పుడే మళ్ళీ ప్రపంచకప్పుకి వస్తోంది, అదీ ఫ్రాన్స్ గ్రూపులోనే. నార్వే ఈస్టు, ఫ్రాన్స్ పద్ధతి, పుదుచ్చేరి ఎండ. ఇది నువ్వు అడిగిన కలగలుపే కదా?

అత్త: కలగలుపే. తెలివిగా చెప్పావు.

మేనల్లుడు: మరి గది?

అత్త: గది ఇవ్వను.

మేనల్లుడు: ఇప్పుడు కారణమేంటి?

అత్త: ముందు నుంచీ ఉన్నదే. పుదుచ్చేరి ఎక్సైజు చట్టం 1970 నాటిది. లైసెన్సు లేకుండా మద్యం తయారుచెయ్యడం నేరం. ఇంట్లో తాగడానికే కాచుకున్నానంటే వదలరు. ఈ ఊళ్ళో కల్లుకొట్లున్నాయి, సారాకొట్లున్నాయి, పక్కన తమిళనాడులో 1987 నుంచీ కల్లు లేదు కాబట్టి సరిహద్దు దాటి వస్తారు కూడా. అన్నీ లైసెన్సుల మీదే. ఈ ఇల్లు నా పేరు మీదుంది. నువ్వు విమానం ఎక్కేస్తావు, సీసాలు నా దగ్గరుంటాయి.

మేనల్లుడు: అమెరికాలోనూ అలాగే ఉండేది. 1933లో నిషేధం ఎత్తేశాక ఇంట్లో వైను చేసుకోవచ్చన్నారు, బీరు మాట వదిలేశారు. 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెడితే గానీ బీరుకి వీలు కాలేదు. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, 750 లీటర్ల పైన. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో 1963లోనే లైసెన్సు తీసేశారు. అక్కడేం దేశాలు మునిగిపోలేదు. పైగా అక్కడినుంచే కొత్త చిన్న బ్రూవరీలు వందల్లో పుట్టాయి. ఇక్కడ మాత్రం ఫ్యాక్టరీ పెట్టగలిగిన కోటీశ్వరుడు చెయ్యొచ్చు, ఇరవై లీటర్ల కుండ పెట్టుకున్నవాడు నేరస్తుడు. ఇది న్యాయమేనా?

అత్త: న్యాయం కాదు. అందులో నీ పక్షమే. కానీ మరక్కాణం ఎంత దూరం? ఇక్కడినుంచి గంట. 2023 మేలో అక్కడి జాలరిపేటలో కల్తీసారా తాగి పోయారు. మరుసటి ఏడాది జూన్‌లో కళ్ళకుఱిచ్చిలో అరవై మందికి పైగా. ఆ ఊళ్ళో వరుసగా చితులు కాలాయి. ఈ వీధిలో పనిచేసేవాళ్ళలో ఆ పక్క ఊళ్ళవాళ్ళున్నారు. వాళ్ళ మధ్య నువ్వు ఇంట్లో మద్యం కాస్తున్నావంటే వాళ్ళకి వినపడేది వేరు.

మేనల్లుడు: అది మిథనాలు అత్తా. ఫ్యాక్టరీల్లో వాడే రసాయనం, తెలిసి తెలిసి కలిపినది. బార్లీ పులిస్తే అది పుట్టేది లెక్కకు రానంత. పైగా బీరుని బట్టీ పెట్టరు, కాబట్టి అది ఒకచోట పేరుకోదు. నా కుండలో చెడిపోతే పుల్లగా అవుతుంది, పారబోస్తాను. సీసాలో చక్కెర ఎక్కువ పడితే పగులుతుంది, అంతే. మనిషి చావడు.

అత్త: నీకు తెలుసు, నాకు తెలుసు. అసలు ఈ శాస్త్రం ఊళ్ళో అందరికీ తెలియాలి. ఏది పులిస్తే ఏమవుతుంది, ఏది విషం, ఎందుకు విషం అన్నది. కల్తీ పోసినవాడు దాన్ని అమాయకుడి చేతిలో పెట్టగలిగేది ఆ తెలియనితనం వల్లనే. ఆ పాఠం నువ్వు చెప్పగలవు. బీరు కాచకుండానే చెప్పగలవు.

ఇక్కడ నేనూ నోరు విప్పాను. మన ఇళ్ళల్లో రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, రాగి మాల్ట్ చేసుకోవడం ఎవరికి తెలియదు? మొలకలో పుట్టే ఎంజైములు పిండిని తీపి చేస్తాయన్నదే బీరుకీ పునాది. ఆ సగం దాకా మన వంటిల్లు ఎప్పుడో నడిచింది. మిగతా సగం అడుగు వెయ్యాలా వద్దా అన్నదానికి జవాబు శాస్త్రంలో లేదు, వీధిలో ఉంది. నేనన్నది అంతే. మేనల్లుడు మొలకల మాట పట్టుకున్నాడు. అత్త ఇంకో మాట పట్టుకుంది.

అత్త: ఫ్రాన్స్ మొదటి మ్యాచి ఎవరితో?

మేనల్లుడు: సెనెగల్‌తో. జూన్ 16న న్యూజెర్సీలో. మనకి అర్ధరాత్రి దాటాక.

అత్త: 2002 సియోల్ గుర్తుందా? ప్రపంచకప్పుల్లో తను ఆడిన మొదటి మ్యాచిలోనే ఫ్రాన్స్‌ని సెనెగల్ ఓడించింది. పాప్ బూబా దియోప్ కిందపడి మరీ లోపలికి తోశాడు, చొక్కా తీసి గడ్డి మీద పరిచి దాని చుట్టూ ఆడారు. నేను ఫ్రాన్స్ వైపు కూర్చుని కూడా చప్పట్లు కొట్టాను. పాపం దియోప్ 2020లో పోయాడు. మరి సెనెగల్‌కి ఏ బీరు కాస్తావు?

మేనల్లుడు: అదే తేలడం లేదు. ముస్లింలు ఎక్కువున్న దేశం. పడమటి ఆఫ్రికాలో బుర్కినాలో ఆడవాళ్ళు జొన్నతో దోలో కాస్తారు, కానీ అది వేరే దేశం.

అత్త: సెనెగల్ ఇంటింటా తాగేది బిస్సాప్. ఫ్రెంచి మాట్లాడే ఆఫ్రికా గురించి పాఠాల్లో చెప్పేదాన్ని. పూల అడుగునుండే ఎర్రటి రక్షకపత్రాలు నీళ్ళలో మరిగించి, చక్కెర కలిపి, పుదీనా వేసి చల్లగా తాగుతారు. ఆ పువ్వు ఏదనుకున్నావు? మన ఎర్ర గోంగూర పువ్వు. అదే మొక్క. మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు తాగుతారు.

మేనల్లుడు లేచి నిలబడ్డాడు. ఫోన్‌లో వెతికాడు. అదే శాస్త్రీయనామం. వాడి ముఖంలో వెలుగు నేను చూశాను.

మేనల్లుడు: గోంగూర పూలతో సేజాన్ చెయ్యొచ్చత్తా! సేజాన్ అంటే బెల్జియం పల్లెల బీరు, తీపి తక్కువగా, తేలిగ్గా ఉంటుంది. ఈ పువ్వు పులుపు దానికి బ్రహ్మాండంగా కుదురుతుంది. రంగు చూస్తే...

అత్త: ఆ పువ్వుని కూడా వదలవా?

మేనల్లుడు: వదలను. డాలస్‌లో చేస్తాను. అక్కడ నేరం కాదు. ఇక్కడ మీరు బిస్సాప్ చెయ్యండి, అందరూ తాగొచ్చు, పిల్లలూ తాగొచ్చు. మ్యాచి ఒకటే, పువ్వు ఒకటే.

అత్త: దానికి సరే. పూలు నేను ఎండబెట్టి పంపిస్తాను. విమానంలో రానిస్తారో లేదో కనుక్కో.

మేనల్లుడు: ఒక్కటి అడుగుతాను. రేపు ఇక్కడా అమెరికాలాగే చట్టం మారింది. అమ్మకూడదు, ఇంట్లో ఇంత కాచుకోవచ్చు అన్నారు. అప్పుడు గదిస్తావా?

అత్త: చట్టం మార్చమని అడిగే హక్కు నీకుంది, అడుగు. నేనూ సంతకం పెడతానేమో. కానీ నా గదిలో కుండ పెట్టేముందు ఈ వీధిలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఏం చేస్తున్నావో చెప్పాలి. కళ్ళకుఱిచ్చి పక్కన పుట్టినావిడకి కూడా.

మేనల్లుడు: వాళ్ళు వద్దంటే?

అత్త: అది కుండ పెట్టేవాడిగా నీ పని. వాళ్ళు ఒప్పుకునేలా చెప్పు. ఒప్పుకోకపోతే డాలస్‌లోనే కాచుకో.

మేనల్లుడు: ఒప్పుకుంటే నువ్వు ఒక గుక్క రుచి చూడాలి.

అత్త: ముందు వాళ్ళు ఒప్పుకోనీ.